మొదటిసారి కాదన్న బర్క్‌లీకి, డి ఆంజా మీదుగా

2022 మార్చి చివర్లో యూసీ బర్క్‌లీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, బర్క్‌లీ) నాకు సీటు ఇవ్వలేమని చెప్పింది. 2024 ఏప్రిల్‌లో అదే విశ్వవిద్యాలయం, అదే సివిల్ ఇంజనీరింగ్‌లో నేరుగా మూడో సంవత్సరంలోకి రమ్మంది. ఆ మధ్య కాలంలో నేను కూపర్టినోలోని డి ఆంజా అనే కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో, చదివాను. మా బే ఏరియా తెలుగు ఇళ్లలో కమ్యూనిటీ కాలేజీ ప్రస్తావన వస్తే గొంతు తగ్గించి మాట్లాడతారు. ఈ దారిలో వెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ డిగ్రీ చేతికి వచ్చాక వాళ్లు ఆ రెండేళ్ల ఊసెత్తరు. ఇంట్లోవాళ్లూ ఎత్తరు. దాంతో వెనక వచ్చే పిల్లలకు ఈ దారి ఉందనే తెలియడం లేదు. అందుకే నాకు తెలిసినదంతా దాచకుండా రాస్తున్నాను.

నాకు బర్క్‌లీయే ఎందుకు కావాలో ముందు చెప్పాలి. మేం సన్నీవేల్‌లో ఉంటాం. నా చిన్నప్పుడు నాన్న నన్ను హేవర్డ్ తీసుకెళ్లి, రోజ్, ప్రాస్పెక్ట్ వీధులు కలిసే మూలన రోడ్డు పక్కనున్న సిమెంటు అంచును చూపించారు. ఒకప్పుడు తిన్నగా పోసిన ఆ అంచు మధ్యలో తెగి, రెండు ముక్కలూ ఒకదాని నుంచి ఒకటి పక్కకు జరిగి ఉన్నాయి. దాన్ని ఎవరూ పగలగొట్టలేదు. అడుగున హేవర్డ్ ఫాల్ట్ అనే భూమి పగులు ఏడాదికి కొద్ది మిల్లీమీటర్ల చొప్పున కదులుతుంటే పైనున్న సిమెంటు కూడా దానితో పాటే జరుగుతూ వచ్చింది. నేను వంగి ఆ సందులో వేళ్లు పెట్టి చూశాను. భూగర్భ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ఫొటోలు తీసి కొలుచుకుంటూ వచ్చిన ఆ మూలను 2016లో నగర సిబ్బంది మామూలు రోడ్డు పనుల్లో తవ్వేసి కొత్తది పోశారు. ఆ వార్త చదివినప్పుడు నాకు సొంత వస్తువేదో పోయినట్టు బాధ కలిగింది. 1868లో పెద్ద భూకంపం తెచ్చిన ఆ ఫాల్టే బర్క్‌లీ క్యాంపస్‌లోని మెమోరియల్ స్టేడియం కింద నుంచి పోతుంది. భూకంపాలకు నిలిచే కట్టడాల గురించి చదవాలంటే ఆ ఫాల్ట్ మీదే ఉన్న విశ్వవిద్యాలయానికి మించిన చోటు లేదని హైస్కూల్లోనే మనసులో గట్టిగా పడిపోయింది.

నేను దరఖాస్తు చేసిన ఏడాది బర్క్‌లీ మొదటి సంవత్సరానికి 1,28,000కు పైగా దరఖాస్తులు వచ్చాయి. సుమారుగా తొమ్మిదిమందిలో ఒకరికి సీటు దక్కింది. అది చాలదన్నట్టు, చుట్టుపక్కల నివాసితులు వేసిన దావాలో కోర్టు విద్యార్థుల సంఖ్యను 2020-21 స్థాయి దాటకుండా కట్టడి చేసింది. మార్చి 3న రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఆ కట్టడిని ఎత్తివేయడానికి ఒప్పుకోలేదు. చివరికి మార్చి 14న కాలిఫోర్నియా శాసనసభ ఆగమేఘాల మీద చట్టం తెచ్చి ఆ అడ్డంకి తొలగించింది. ఆ రోజుల్లో మా ఇంట్లో పొద్దున లేస్తే ఈ వార్తే. చట్టం వచ్చింది కాబట్టి ఇక గండం గడిచిందని అమ్మ అనుకుంది. తర్వాత వచ్చిన ఫలితం మా అందరినీ మాటల్లేకుండా చేసింది.

ఎందుకు ఇవ్వలేదో విశ్వవిద్యాలయం చెప్పదు. నా మార్కులు మంచివే. కానీ అంత మంచి మార్కులున్నవాళ్లు ఉన్న సీట్లకు ఎన్నో రెట్లు ఉన్నారు. యూసీ క్యాంపస్‌లన్నీ శాట్ ప్రవేశ పరీక్ష స్కోరు చూడటం మానేశాయి కాబట్టి, ఆ స్కోరు మీద ఆశ పెట్టుకున్నవాళ్లకు ఆ ఊతం కూడా లేదు. అప్పీలు చేసుకునే వీలుంది. అయితే మొదటి దరఖాస్తులో లేని కొత్త, బలమైన సమాచారం ఉంటేనే దాన్ని పరిశీలిస్తారు. నా దగ్గర అలాంటిదేమీ లేదు. బంధువుల్లో ఒకరిద్దరు ఎలాగైనా అప్పీలు పెట్టమని పట్టుబట్టారు గానీ, నేను పెట్టలేదు. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ నమ్ముతాను. రాదని తెలిసినదాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే చేయాల్సిన పనులు వెనకబడతాయి.

ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 2న వచ్చింది. శుభకృత్ నామ సంవత్సరం. పచ్చడి గిన్నెలు పంచుతున్న చోటే ప్రశ్నలు మొదలయ్యాయి. "ఏ కాలేజీ వచ్చిందమ్మా?" అని అడగనివాళ్లు లేరు. అడిగినవాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు, నా మంచి కోరేవాళ్లే. నేను జవాబు చెప్పేలోపే అమ్మ అందుకుని "ఇంకా చూస్తున్నామండీ" అంటూ మాట మార్చేసింది. సీటు రాలేదని తెలిసిన రోజు కన్నా, అమ్మ అలా తడబడటం చూసినప్పుడే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

రాష్ట్రం బయట ఒక విశ్వవిద్యాలయం నన్ను తీసుకుంది. అక్కడ అన్నీ కలిపి ఏడాదికి అరవై వేల డాలర్లకు పైనే. నాన్న నాలుగేళ్లకూ లెక్క వేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నన్ను వద్దనలేదు, వెళ్లమనీ అనలేదు. ఆ సమయంలో నెల్లూరు నుంచి మామయ్య ఫోన్ చేశాడు. ఆయన పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, బీటెక్ రెండో సంవత్సరంలో చేరినవాడు. "మా బ్యాచ్‌లో మొదట్నుంచీ ఉన్నవాళ్ల కన్నా లేటరల్ ఎంట్రీలో వచ్చిన మాకే డ్రాయింగు, వర్క్‌షాపు బాగా వచ్చేవి. నన్ను ఇంజనీరు కాదని ఎవరైనా అన్నారా అమ్మా? అక్కడ కూడా అలాంటి దారి ఉంటే చూసుకో" అన్నాడు. అప్పటిదాకా కమ్యూనిటీ కాలేజీ అంటే ముఖం చిట్లించిన నాన్న, ఈసెట్ పేరు వినగానే ఆలోచనలో పడ్డారు. తన తమ్ముడిలాంటి బావమరిది నడిచిన దారి కదా, దాన్ని చిన్నచూపు చూడటానికి ఆయనకు మనసొప్పలేదు.

అలాంటి దారి నిజంగానే ఉంది. అది దొడ్డిదారి కాదని తెలియాలంటే కొంచెం చరిత్ర తెలియాలి. 1960లో కాలిఫోర్నియా ఉన్నత విద్యకు ఒక మాస్టర్ ప్లాన్ వేసుకుంది. అప్పటి యూసీ అధ్యక్షుడు క్లార్క్ కెర్ దాని రూపకర్తల్లో ముఖ్యుడు. హైస్కూలు విద్యార్థుల్లో పై ఎనిమిదో వంతు యూసీలకు, పై మూడో వంతు స్టేట్ యూనివర్సిటీలకు, చదవాలనుకున్న ప్రతి ఒక్కరికీ కమ్యూనిటీ కాలేజీలు. అంతటితో ఆపలేదు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు బాగా చదివినవాళ్లు మూడో సంవత్సరంలో విశ్వవిద్యాలయానికి మారే ఏర్పాటును కూడా ఆ ప్రణాళికలోనే పెట్టారు. పద్దెనిమిదేళ్లకే ఒకరి చదువు ఇంతేనని తేల్చేయకూడదన్నది అందులోని ఆలోచన. ఇప్పుడు రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి. యూసీల్లో ట్రాన్స్‌ఫర్‌గా చేరేవాళ్లలో తొంభై శాతానికి పైగా వాటి నుంచి వచ్చినవాళ్లే. ఇతర నాలుగేళ్ల విశ్వవిద్యాలయాల నుంచి మారాలనుకునేవాళ్ల కన్నా కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకే యూసీలు ముందు చోటిస్తాయి. ఈ సంగతి తెలియక, ముందు ఏదో ఒక ఖరీదైన విశ్వవిద్యాలయంలో చేరి ఏడాది తర్వాత బర్క్‌లీకి మారదామనుకునే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. డబ్బు కూడా పోతుంది, అవకాశం కూడా సన్నగిల్లుతుంది.

ఇంకో పెద్ద తేడా ఉంది. మూడో సంవత్సరంలోకి ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్ల విషయంలో హైస్కూలు మార్కుల ప్రమేయం ఉండదు. కాలేజీలో ఏ కోర్సులు చేశారు, వాటిలో ఎలాంటి గ్రేడ్లు వచ్చాయి, ఎంచుకున్న మేజర్‌కు (ప్రధాన విషయానికి) సిద్ధమయ్యారా లేదా అన్నదే చూస్తారు. 60 సెమిస్టర్ యూనిట్లు (కోర్సు క్రెడిట్లు), చదువు ఏడాదిని మూడు భాగాలు చేసే క్వార్టర్ పద్ధతిలోనైతే 90 యూనిట్లు పూర్తిచేయాలి. బర్క్‌లీలో ట్రాన్స్‌ఫర్‌గా దరఖాస్తు చేసేవాళ్లలో సుమారుగా నాలుగింట ఒకరికి సీటు వస్తుంది. ఇంజనీరింగ్‌లో పోటీ ఇంకా ఎక్కువ. అయినా ఏం చేస్తే అర్హత వస్తుందో ముందే కాగితం మీద రాసి పెట్టి ఉంటుంది. మొదటి సంవత్సరం ప్రవేశాల్లో నాకు దొరకనిది అదే.

డి ఆంజాలో యూనిట్‌కు 31 డాలర్లు. తొలిసారి కాలేజీలో చేరి పూర్తికాలం చదివే కాలిఫోర్నియా విద్యార్థులకు కాలేజ్ ప్రామిస్ పథకం కింద రెండేళ్లపాటు ఆ ఫీజు కూడా ఉండదు. నాకు పుస్తకాల ఖర్చు, చిల్లర ఫీజులే పడ్డాయి. ఇంటి నుంచే బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. 1984 జనవరిలో స్టీవ్ జాబ్స్ మొట్టమొదటి మాకింటోష్‌ను ప్రపంచానికి చూపించింది ఈ క్యాంపస్‌లోని ఫ్లింట్ సెంటర్‌లోనే. మన ఇళ్లలో చిన్నచూపు చూసే కాలేజీ అది.

అక్కడ మొదట ఎదురయ్యే కష్టం చదువు కాదు, క్లాసులో చోటు దొరకడం. కొత్తవాళ్లకు రిజిస్ట్రేషన్ తేదీ అందరికన్నా చివర్న వస్తుంది. ఆ సరికి గణితం, ఫిజిక్స్ క్లాసులు నిండిపోయి ఉంటాయి. ఫిజిక్స్ 4ఏలో నేను వెయిటింగ్ లిస్టులో బాగా కింద ఉన్నాను. అలాంటప్పుడు చేయాల్సింది ఒకటే. మొదటి రోజు క్లాసుకు వెళ్లి కూర్చోవాలి. పేరున్నవాళ్లలో కొందరు రారు. వాళ్ల స్థానంలో ప్రొఫెసర్ ఆడ్ కోడ్ ఇస్తారు, దాంతో పేరు నమోదు చేసుకోవచ్చు. ఆ రోజు కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడినవాళ్లు చాలామంది. ప్రొఫెసర్ పెద్దావిడ. నింపాదిగా హాజరు పిలిచి, రానివాళ్ల పేర్లు కొట్టేసి, కోడ్లున్న చీటీలు కత్తిరించి వరుసగా పంచారు. నా చేతికి వచ్చిన చీటీ వేలెడంత కూడా లేదు. దాన్ని ఫోను కవరులో దాచుకుని గ్రంథాలయానికి పరుగెత్తి నమోదు చేసుకున్నాక గానీ ఊపిరి తీసుకోలేదు. ఆ క్లాసు తప్పిపోతే దాని తర్వాతి ఫిజిక్స్ కోర్సులన్నీ ఒక్కో క్వార్టర్ వెనక్కి జరిగేవి. అలా జరిగితే రెండేళ్లలో బయటపడటం కుదరదు.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైనది అసిస్ట్. ఏ కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏ యూసీ కోర్సుకు సమానమో చూపించే రాష్ట్రవ్యాప్త అధికారిక పట్టిక అది, ఉచితంగా అందరికీ అందుబాటులో ఉంటుంది. మన కాలేజీ పేరు, వెళ్లాలనుకున్న క్యాంపస్, మేజర్ ఎంచుకుంటే ఎడమ వైపు అక్కడి కోర్సులు, కుడి వైపు ఇక్కడి కోర్సులు వస్తాయి. దీన్ని పైపైన చూస్తే చాలదు, ప్రతి గీతా చదవాలి. ఉదాహరణకు బర్క్‌లీ మ్యాథ్ 53కి ఎదురుగా డి ఆంజా మ్యాథ్ 1సీ, 1డీ రెండూ ఉంటాయి. మ్యాథ్ 54కి ఎదురుగా 2ఏ, 2బీ రెండూ ఉంటాయి. జంటలో ఒకటి చేసి రెండోది వదిలేస్తే ఆ బర్క్‌లీ కోర్సు పూర్తయినట్టు లెక్క కాదు. మాకు తెలిసిన ఒక కుర్రాడు జంటలో రెండో కోర్సును వేసవిలో చేసుకోవచ్చులే అనుకున్నాడు. బర్క్‌లీ ఇంజనీరింగ్ కాలేజీకి కావాల్సిన కోర్సులన్నీ చేరబోయే ఏడాది వసంతం నాటికే పూర్తికావాలి. ఆ ఒక్క కోర్సుతో అతని దరఖాస్తు దెబ్బతింది. ఎంత తెలివైనవాడో నాకు తెలుసు కాబట్టి ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నేను ఆ పేజీని అచ్చు తీయించి, నా గది తలుపుకు అంటించుకున్నాను. పక్కన క్వార్టర్ల వారీగా గళ్లు గీసి, ఏ కోర్సు ఎప్పుడు చేయాలో పెన్సిలుతో రాసుకున్నాను. పెన్సిలే ఎందుకంటే కోర్సు దొరకనప్పుడల్లా చెరిపి మార్చుకోవాలి. హైస్కూల్లో రాసిన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కాలిక్యులస్ పరీక్ష వల్ల మొదటి గణితం కోర్సులు చేయనవసరం రాలేదు. కెమిస్ట్రీ, ఫిజిక్స్, గణితం వరుసలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి కాబట్టి ముందు వాటిని పేర్చుకుని, ఇంగ్లీషు కోర్సులు ఈడబ్ల్యూఆర్‌టీ 1ఏ, 2లను మధ్యలో సర్దుకున్నాను. కౌన్సిలర్లలో కొందరు అన్నింటికన్నా ముందు సాధారణ విద్యా కోర్సుల వరుస పూర్తిచేయమంటారు. అప్పట్లో దాన్ని ఐజెట్‌సీ అనేవారు, 2025 నుంచి దాని స్థానంలో కాల్-జెట్‌సీ వచ్చింది. సాహిత్యం, చరిత్ర లాంటి మేజర్లకు ఆ సలహా బాగానే ఉంటుంది. ఇంజనీరింగ్‌కు వెళ్లేవాళ్లు మాత్రం మేజర్ కోర్సుల్నే ముందు పెట్టుకోవాలి. అవి లేకపోతే మిగతావి ఎన్ని ఉన్నా దరఖాస్తు నిలవదు.

క్వార్టర్ పద్ధతి ఊపిరాడనివ్వదు. పన్నెండు వారాల్లో కోర్సు మొదలై, పరీక్షలతో సహా ముగిసిపోతుంది. ఒక్క వారం జ్వరం వస్తే రెండు అధ్యాయాలు పోయినట్టే. ఆ పరుగులో నన్ను నిలబెట్టింది నాతో చదివినవాళ్లు. హైస్కూల్లో మా క్లాసులో అందరం ఒకే వయసు, ఇంచుమించు ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం. డి ఆంజాలో నా పక్కన కూర్చున్న ఆయన పదిహేనేళ్లుగా ఎలక్ట్రీషియన్. పగలంతా ఇళ్లకు వైరింగు చేసి, సాయంత్రం క్లాసుకు వచ్చేవాడు. ఫిజిక్స్ 4బీలో సర్క్యూట్ల దగ్గర మేమందరం సమీకరణాలతో కుస్తీ పడుతుంటే, ఆయన బొమ్మ చూసి కరెంటు ఎటు పోతుందో ముందే చెప్పేసేవాడు. గణితంలో మాత్రం మమ్మల్ని అడిగేవాడు. ఇంకొకామె ఇద్దరు పిల్లల తల్లి, నర్సింగ్ కోసం కెమిస్ట్రీ చేస్తోంది. పిల్లలు నిద్రపోయాక రాత్రి పదింటికి ఆన్‌లైన్‌లో మాతో కలిసి లెక్కలు చేసేది. వీళ్లెవరూ చదువును పక్కవాళ్లతో పోల్చుకోవడానికి వాడుకోలేదు. వాళ్లకు అంత తీరిక లేదు. ఆ గదుల్లో కూర్చున్నాకే నేను కూడా నా చదువును ఎవరి ఫలితంతోనూ పోల్చుకోవడం మానేశాను.

మా ప్రొఫెసర్లకు పాఠం చెప్పడమే ప్రధానమైన పని. ఆఫీసు వేళల్లో తలుపు తెరిచే ఉండేది. స్టాటిక్స్ (కదలని కట్టడాల మీది బలాల లెక్కలు) చెప్పినాయన బలాల బొమ్మ గీయకుండా సమస్య మొదలుపెడితే మార్కులు ఇచ్చేవారు కాదు, జవాబు సరైనదైనా సరే. "వంతెన నీ జవాబు చూడదు, దాని మీద పడే బరువులన్నీ నువ్వు లెక్కలోకి తీసుకున్నావా లేదా అన్నదే చూస్తుంది" అనేవారు. వందలమంది కూర్చునే పెద్ద హాల్లో మొదటి రెండేళ్లు చదివి ఉంటే నాకు అంత దగ్గరగా ఆ మాట వినే అవకాశం ఉండేది కాదేమో.

రెండో ఏడాది మొదలవుతూనే దరఖాస్తుల కాలం. ముందు సెప్టెంబరులో ట్యాగ్. అంటే హామీ ప్రవేశం. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు యూసీల్లో ఏదో ఒకదానికి ట్యాగ్ పెట్టుకోవచ్చు. వాళ్లు అడిగిన కోర్సులు, గ్రేడ్లు ఉంటే సీటు ఖాయం. బర్క్‌లీ, లాస్ ఏంజిలెస్, శాన్ డియాగోల్లో ఈ హామీ లేదు. నేను డేవిస్‌కు పెట్టుకున్నాను. బర్క్‌లీ రాకపోయినా చేతిలో ఒక మంచి సివిల్ ఇంజనీరింగ్ సీటు ఉంటుందని తెలిశాక, మా ఇంట్లో అందరికీ కంటినిండా నిద్ర పట్టింది. ట్యాగ్ పెట్టుకుంటే బర్క్‌లీవాళ్లు పక్కన పెట్టేస్తారనే పుకారు మనవాళ్లలో ఎవరు పుట్టించారో గానీ అది నిజం కాదు. రెండింటికీ నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

అసలు యూసీ దరఖాస్తును నేను నవంబరు 30లోపు పంపాను. సిఫారసు లేఖలు అడగరు. నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయాలి, ఒక్కోటి 350 పదాలు మించకూడదు. ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకు అందులో ఒకటి తప్పనిసరి. మీరు ఎంచుకున్న మేజర్‌కు ఎలా సిద్ధమయ్యారు అన్నది. మిగతా ఏడింటిలో మూడు మన ఇష్టం. హైస్కూల్లో రాసిన జవాబుల్లో నేను చేయాలనుకుంటున్నవి ఎక్కువ, చేసినవి తక్కువ. ఈసారి రాయడానికి నిజంగా విషయం ఉంది. హేవర్డ్ వీధి మూల నుంచి స్టాటిక్స్ క్లాసు దాకా ఒక దారం కనిపించింది. తోటి విద్యార్థులకు గణితం చెప్పిన ట్యూటరింగ్ పని గురించి ఒక జవాబు రాశాను. అలంకారాలు తీసేస్తూ పోతే జవాబులు బలపడ్డాయి.

దరఖాస్తు పంపగానే పని అయిపోయిందనుకునేవాళ్లు జనవరిలో దెబ్బతింటారు. జనవరి నెలలో ట్రాన్స్‌ఫర్ అకడమిక్ అప్‌డేట్ అని ఒకటి నింపాలి. శరదృతువులో వచ్చిన గ్రేడ్లు, మిగిలిన క్వార్టర్లలో చేయబోయే కోర్సులు అందులో రాయాలి. మార్పేమీ లేకపోయినా నింపాల్సిందే. నా స్నేహితురాలు దాని మెయిల్‌ను పట్టించుకోకపోతే మేమే గుర్తుచేసి చివరి రోజుల్లో నింపించాం.

ఏప్రిల్‌లో బర్క్‌లీ ఫలితం వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను. నాన్న ఆఫీసు గదిలో మీటింగులో ఉన్నారు. అమ్మ వంటింట్లో చపాతీ పిండి కలుపుతోంది. తెరిచి చదివి, నమ్మకం కుదరక పైనుంచి మళ్లీ చదివి, అమ్మను పిలిచాను. పిండి చేతులతోనే వచ్చి తెర మీద నా పేరు దగ్గర వేలు పెట్టి చదువుకుంది. ల్యాప్‌టాప్ మీద ఆ పిండి మరక చాలా రోజులు ఉంది, నేను తుడవలేదు. ఆ సాయంత్రం మొదటి ఫోన్ నెల్లూరుకే. ట్రాన్స్‌ఫర్లు జూన్ 1లోపు ఏ క్యాంపస్‌లో చేరతారో చెప్పాలి. నేను అంతదాకా ఆగలేదు.

బర్క్‌లీలో మొదటి సెమిస్టర్ కష్టంగానే గడిచింది. క్లాసులు అక్కడ చెప్పిన గంటకు పది నిమిషాలు ఆలస్యంగా మొదలవుతాయి, దాన్ని బర్క్‌లీ టైమ్ అంటారు. ఆ పది నిమిషాలు తప్ప తీరికన్నది లేదు. ఫ్లూయిడ్ మెకానిక్స్ మొదటి మిడ్‌టర్మ్‌లో తెలిసిన విషయమే తెలియని రూపంలో వచ్చింది. సిద్ధాంతం తెలిస్తే చాలదని, దాన్ని ఎప్పుడూ చూడని చోట పట్టుకోవాలని అక్కడ అడుగుతారు. మొదటి నుంచీ అక్కడే ఉన్నవాళ్లకు స్నేహ బృందాలు, క్లబ్బులు, ప్రొఫెసర్లతో పరిచయాలు ముందే కుదిరిపోయి ఉంటాయి. మేం రెండేళ్లలో అన్నీ కుదుర్చుకోవాలి. పరిశోధనలో చేరాలన్నా, వేసవి ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు చేయాలన్నా చేరిన నెలలోనే మొదలుపెట్టాలి. ఇది ఈ దారిలో ఉన్న నిజమైన నష్టం, దాన్ని తక్కువ చేసి చెప్పను.

అయితే బర్క్‌లీ క్యాంపస్‌లోనే ఉన్న డేవిస్ హాల్ అనే భవనంలో కాంక్రీటు ల్యాబు రోజు ఒకటి చెప్పాలి. మేం కొన్ని వారాల ముందు కలిపి పోసిన కాంక్రీటు దిమ్మెను యంత్రంలో పెట్టి నొక్కుతున్నాం. అంకె పెరుగుతూ పోతోంది, దిమ్మెలో ఏ మార్పూ లేదు. అందరం కళ్లద్దాలు సరిచేసుకుని చూస్తుండగా సన్నని నిలువు గీత ఒకటి పై నుంచి కిందికి పాకింది. వెంటనే తుపాకీ పేలినట్టు చప్పుడుతో దిమ్మె పగిలింది. విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుంటే కంకర రాళ్లు కూడా అడ్డంగా తెగి ఉన్నాయి. అంటే సిమెంటు రాయిని గట్టిగా పట్టుకుందన్నమాట. ఆ ముక్కను ఎటు తిప్పి చూడాలో, అది ఎందుకలా విరిగిందో నాకు వెంటనే తట్టింది. బలాల బొమ్మ గీయనిదే మార్కులివ్వని మా డి ఆంజా ప్రొఫెసర్ ఆ క్షణంలో గుర్తొచ్చారు.

డబ్బు సంగతి కూడా సూటిగా చెబుతాను. కాలిఫోర్నియా నివాసులకు బర్క్‌లీ ట్యూషను, ఫీజులు ఏడాదికి పదిహేను వేల డాలర్లకు పైనే. అద్దె, తిండి కలిపితే అంతకు రెట్టింపు దాటిపోతుంది. మొదటి రెండేళ్లు ఇంట్లో ఉండి డి ఆంజాలో చదవడం వల్ల మా కుటుంబానికి అప్పు చేయాల్సిన అవసరం రాలేదు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యుల వీసా) మీద ఉన్న పిల్లలున్న ఇళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది. విద్యార్థి వీసా ఎఫ్-1కు మారితే నివాసి ఫీజు నిలవకపోవచ్చు. యూసీలో నివాసి కానివాళ్లకు ఏడాదికి మరో 30 వేల డాలర్లకు పైగా అదనం. పుట్టినరోజు ఎప్పుడు వస్తుందో, చేరే సంవత్సరం ఏదో, రెండూ పక్కపక్కన పెట్టుకుని ముందే ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగాలి.

డిగ్రీ పట్టా మీద ట్రాన్స్‌ఫర్ అని ఎక్కడా రాయరు. అందరికీ ఇచ్చే పట్టానే ఇస్తారు. ఈ మాట విని చాలామంది తల్లిదండ్రులు ఊరట చెందుతారు. కానీ నా రెజ్యూమేలో మాత్రం డి ఆంజా పేరు బర్క్‌లీ పేరు కిందే ఉంటుంది, తీసేయమని సలహా ఇచ్చినవాళ్లున్నా నేను తీయలేదు. నాకు భౌతిక శాస్త్రం చెప్పినవాళ్ల పేరు దాచుకోవాల్సిన పని నాకు లేదు.

ఇప్పుడు నేను నాలుగో సంవత్సరంలో ఉన్నాను. మార్చి చివర్లో ఫలితాలు రాగానే తెలిసినవాళ్ల ద్వారా ఫోన్లు వస్తుంటాయి. ఎక్కువగా తల్లులే చేస్తారు, పిల్లలు పక్కన మౌనంగా ఉంటారు. ఏ కాలేజీ మంచిది, ఎంత జీపీఏ కావాలి అని అడుగుతారు. నేను ముందు పిల్లలకు ఫోన్ ఇవ్వమంటాను. ఏ మేజర్ కావాలో వాళ్ల నోటితో చెప్పించుకుంటాను. తర్వాత ఇంటికి దగ్గరలో ఉన్న కాలేజీ ఒకటి అనుకుని, అసిస్ట్‌లో ఆ మేజర్ పేజీ అచ్చు తీసుకుని, పెన్సిలు పట్టుకుని మళ్లీ చేయమంటాను. అలా చేసినవాళ్లతో గంటసేపైనా కూర్చుని క్వార్టర్ల వారీగా గళ్లు నింపిస్తాను.